పగడం సాక్ష్యం చెప్పదు

2024 ఆగస్టులో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. గ్రేట్ బారియర్ రీఫ్‌ను ఆనుకుని ఉన్న కోరల్ సముద్రం ఆ ఏడాది జనవరి, మార్చి మధ్య కాగినంతగా గత నాలుగు వందల ఏళ్లలో ఎన్నడూ కాగలేదన్నది దాని సారాంశం. లెక్క 1618 నుంచి మొదలవుతుంది. ఫారెన్‌హీట్ పాదరసపు థర్మామీటర్ చేసింది 1714లో. మరి 1618లో ఆ నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయో చూసిందెవరు? ఈ ప్రశ్న వేసినవాణ్ని తెలివితక్కువవాడి కింద జమకట్టే అలవాటు మనలో బాగా పెరిగింది. నిజానికి మన దర్శనాల్లోని అతి పాత ప్రశ్నల్లో ఇదొకటి: ఎవరూ చూడనిది మనకెలా తెలుస్తుంది, తెలిసిందని ఏ హక్కుతో అంటాం? దీనికి ఇప్పుడు వినిపించే జవాబులు రెండే. ‘శాస్త్రవేత్తలు చెప్పారు కాబట్టి నిజం’ అన్నది ఒకటి. ‘ఎవరూ చూడలేదు కాబట్టి కట్టుకథ’ అన్నది రెండోది. ఈ జవాబులిచ్చే ఇద్దరూ పోట్లాడుకుంటున్నట్టు కనిపిస్తారు గానీ పొరపాటు పడింది ఒకేచోట. ఇద్దరూ దీన్ని ఎవరో చెప్పిన మాటగా తీసుకున్నారు. ఒకరు ఆ మాటను నమ్మారు, ఇంకొకరు నమ్మలేదు. అసలిది మాట కాదని, మాట మీద ఆధారపడే శబ్దప్రమాణం కిందికి రాదని, గుర్తును చూసి ఊహించే అనుమాన ప్రమాణం కిందికి వస్తుందని, దాన్ని ఆ గీటురాయి మీదే గీసి చూడాలని నా వాదన.

ఆ లెక్కకు ఆధారం పగడం. ముందు ఆ వస్తువేమిటో దగ్గరగా చూద్దాం. ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం కాదిది. అది మధ్యధరా సముద్రంలో పెరిగే వేరే జాతి. కుజదోషానికి దాన్ని పెట్టించేవాళ్లతో ఇప్పుడు మనకు పనిలేదు. ఇక్కడ చెప్పేది పోరైటీస్ అనే రాతి పగడం గురించి. వెచ్చని సముద్రాల్లో, వెలుతురు అందే లోతులో, గుండ్రని బండలా పెరుగుతుంది. మనిషి ఎత్తును మించినవీ ఉన్నాయి. అంత పెద్ద బండలోనూ ప్రాణం ఉండేది పైపొరలోనే, సెంటీమీటరు మందం కూడా ఉండదు. ఆ పొరలోని చిన్న చిన్న జీవులు సముద్రపు నీటి నుంచి కాల్షియం, కార్బొనేటు తీసుకుని కింద సున్నపురాయి పేర్చుకుంటూ తాము పైకి జరుగుతుంటాయి. ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు, కొన్నిచోట్ల రెండు. వదిలి వచ్చిన రాయి కిందే ఉండిపోతుంది, దాన్ని మళ్లీ ముట్టుకోవు. ఈతగాళ్లు నీటి అడుగున డ్రిల్లు పెట్టి ఆ బండ నడిమి నుంచి గొట్టం ఆకారంలో ఒక ముక్క తీస్తారు. కన్నాన్ని సిమెంటు బిరడాతో మూస్తారు. ప్రాణమున్న పొర క్రమంగా దాని మీదికి పాకుతుంది. ఆ ముక్కను నిలువునా కొన్ని మిల్లీమీటర్ల మందాన పలకగా కోసి ఎక్స్‌రే తీస్తే వరసగా నల్లచారలు, తెల్లచారలు. ఒక నలుపు, ఒక తెలుపు కలిస్తే ఒక ఏడాది. ఆ పలక మీద పళ్ల డాక్టరు వాడేంత సన్నని డ్రిల్లుతో మిల్లీమీటరుకోసారి చిటికెడు పొడి గీకుతారు. ఏడాదికి పన్నెండు మిల్లీమీటర్లు పెరిగిన పగడమైతే ఒక్కో చిటికె దాదాపు ఒక నెల కింద లెక్క.

ఆ పొడిలో ఏం వెతుకుతారు? సముద్రపు నీటిలో కాల్షియంతో పాటు దానికి రసాయనికంగా దగ్గరి చుట్టమైన స్ట్రాన్షియం కూడా ఉంటుంది. పగడం కాల్షియం పెట్టాల్సిన చోట అప్పుడప్పుడు అది కూర్చుంటుంది. నీళ్లు చల్లగా ఉంటే ఎక్కువ కూర్చుంటుంది, వెచ్చబడితే తక్కువ. వెయ్యి కాల్షియం అణువులకు సుమారు తొమ్మిది స్ట్రాన్షియం అణువులు ఉంటాయి. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే ఆ తొమ్మిదిలో తగ్గేది సగటున 0.06. ఇంత చిన్న తేడాను నమ్మకంగా కొలవగల యంత్రాలు వచ్చాకే, 1990ల మొదట్లో, ఈ పద్ధతి నిలదొక్కుకుంది. రెండో కొలత ఆక్సిజన్‌ది. ఆక్సిజన్‌లో మామూలుగా దొరికే తేలిక రకంతో పాటు అరుదైన బరువు రకం ఒకటుంది. ఆ రెండింటి నిష్పత్తి పాత సముద్రాల వేడిని చెప్పగలదని 1947లో హెరాల్డ్ యూరీ సిద్ధాంతీకరించాడు. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే పగడపు రాతిలో బరువు రకం వెయ్యికి సుమారు 0.2 వంతు తగ్గుతుంది. అయితే వాన బాగా పడి సముద్రపు ఉప్పదనం తగ్గినా ఇదే నిష్పత్తి తగ్గుతుంది. అంటే ఒకే గుర్తుకు రెండు కారణాలు. ఈ చిక్కు దగ్గరే అసలు తత్వచర్చ మొదలవుతుంది.

పత్రికల్లో, ఉపన్యాసాల్లో పగడాన్ని సముద్రానికి సాక్షి అంటుంటారు. వినడానికి బాగుంటుంది గానీ దారి తప్పించే మాట. ఆప్తుడి వాక్యం శబ్దప్రమాణమని న్యాయదర్శనం వాళ్లు, అంటే నైయాయికులు అన్నారు. ఆప్తుడంటే విషయం తెలిసినవాడు, ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడు. పగడానికి తెలియడమూ లేదు, చెప్పాలన్న కోరికా లేదు. అది అబద్ధం ఆడదు. నిజం కూడా చెప్పదు. సాక్షినైతే అడ్డుప్రశ్న వేసి నిలదీస్తాం, నడవడి ఎలాంటిదో విచారిస్తాం, లంచం తిన్నాడేమో చూస్తాం. గుర్తును అడగాల్సినవి ఇవేవీ కావు. గుర్తును అడగాల్సింది ఒక్కటే: ఈ గుర్తు ఆ కారణం లేకుండా ఇంకోలా కూడా పుట్టగలదా? ‘1618లో ఎవరు చూశారు’ అన్న ప్రశ్న సాక్షికి వేయాల్సినది. దాన్ని పగడానికి వేస్తే పగడం తెల్లమొహం వేస్తుంది, నిజమే. కానీ దాంతో ఓడిపోయింది పగడం కాదు, తప్పు చిరునామాకు వెళ్లిన ప్రశ్న.

సరైన ప్రశ్న ఎలా ఉంటుందో న్యాయసూత్రాలు, వాటికి వాత్స్యాయనుడు రాసిన భాష్యం ముందే చూపించాయి. కార్యాన్ని చూసి కారణాన్ని ఊహించడాన్ని శేషవత్ అనుమానం అన్నారు. దానికి వాత్స్యాయనుడు ఇచ్చిన ఉదాహరణ నది. నది నిండుగా, మునుపటికన్నా వేరుగా, వడిగా పారుతుంటే ఎగువన వాన పడిందని తెలుస్తుంది. భద్రాచలం దగ్గర గోదావరి ఎర్రబారి పొంగితే ఎగువన ఇంద్రావతి, ప్రాణహిత పరీవాహకాల్లో కుండపోత పడిందని గట్టు మీది వాళ్లు అనుకునేదీ ఇదే. ఆ వానను వాళ్లలో ఎవరూ చూడలేదు. సూత్రకారుడు ఇక్కడితో ఆగకుండా తనకు తానే ఎదురువాదం తెచ్చుకున్నాడు. నదికి ఎక్కడో అడ్డుకట్ట పడి ఉన్నా నీళ్లు పెరగొచ్చు కదా? చీమలు గుడ్లు మోసుకుపోవడం వానకు గుర్తంటారు, పుట్ట చెదిరినా మోసుకుపోతాయి కదా? నెమలి కూతను మనిషి కూడా అనుకరించగలడు కదా? కాబట్టి అనుమానం ప్రమాణమే కాదు పొమ్మంటాడు ప్రతివాది. దీనికి సమాధానంగా ‘నమ్మండి’ అనలేదు. నీరు పెరగడం అనే ఒక్కదాన్నే ఎవరు హేతువు చేశారు అని తిరిగి అడిగారు. వాన వల్ల వచ్చిన వరద వేరుగా ఉంటుంది. వడి ఉంటుంది, నురగ ఉంటుంది, ఆకులూ పుల్లలూ పండ్లూ కొట్టుకొస్తాయి. అడ్డుకట్ట వల్ల పెరిగిన నీటికి ఈ లక్షణాలు లేవు. తప్పు అనుమానానిది కాదు, గుర్తును సగమే చూసినవాడిది. నేటి గోదావరిలో ఎగువ ప్రాజెక్టు గేట్లు ఎత్తినా వరద వస్తుంది కాబట్టి ఆ ప్రతివాది పక్షం ఇప్పుడు ఇంకా బలపడింది. సమాధానం మాత్రం అదే: గుర్తును ఇంకా నిశితంగా చూడాలి.

పగడం మీద పనిచేసేవాళ్లు గత ముప్పై, నలభై ఏళ్లుగా చేస్తున్నది అచ్చంగా ఇదే. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడని ప్రతీతి. ఆ చిన్న పుస్తకంతోనే తరతరాల విద్యార్థులు తర్కంలో అడుగుపెట్టారు. అందులో ఉపాధి అనే దోషం గురించి ఉంది. పొగ ఉంటే నిప్పు ఉంటుంది, సరే. నిప్పు ఉంటే పొగ ఉంటుందా? తడి కట్టె ఉంటేనే. ఆ తడి కట్టె ఉపాధి. దాన్ని గుర్తించకుండా నిప్పును చూసి పొగను ఊహించినవాడు దెబ్బతింటాడు. ‘స్ట్రాన్షియం తక్కువగా ఉంది కాబట్టి నీరు వెచ్చగా ఉండేది’ అన్న అనుమానంలో దాగున్న ఉపాధులు ఒకటీ రెండూ కావు. పగడపు రాతికి ఆరగొనైటు అని పేరు. చచ్చిన పగడం వందల వేల ఏళ్లు ఒడ్డున పడి వానకు తడిస్తే ఆ రాయి మెల్లగా కాల్సైటు అనే ఇంకో రూపంలోకి మారుతుంది, కాల్సైటులో స్ట్రాన్షియం తక్కువ. అప్పుడు పగడం లేని వేడిని చూపిస్తుంది. సముద్రంలోనే ఉండగా దాని సూక్ష్మరంధ్రాల్లో కొత్త ఆరగొనైటు స్ఫటికాలు మొలిస్తే స్ట్రాన్షియం పెరుగుతుంది, లేని చలిని చూపిస్తుంది. అందుకే ముక్కను కొలిచే ముందు సూక్ష్మదర్శిని కింద పెట్టి స్ఫటికాల ఆకారం చూస్తారు, ఎక్స్‌కిరణాలతో కాల్సైటు జాడ వెతుకుతారు. సందేహం వస్తే ఆ ముక్కను పక్కన పెడతారు. ఇంకో ఉపాధి పగడం ప్రాణమే. నీటిని నేరుగా రాయిగా మార్చేది కాదు అది. లోపల ఒక చిన్న గదిలో ద్రవాన్ని తనకు కావలసినట్టు మార్చుకుని గట్టిపరుస్తుంది. అందుకే ఒకే దిబ్బ మీద పక్కపక్కన పెరిగిన రెండు పోరైటీస్ బండలు ఒకే నీటికి కాస్త వేర్వేరు అంకెలు ఇస్తాయి. డిగ్రీకి 0.06 అన్నది సగటు. ఒక్కో బండకు అది 0.04 ఉండొచ్చు, 0.08 ఉండొచ్చు. కాబట్టి ‘ఆ ఏడాది నీరు సరిగ్గా 27.3 డిగ్రీలు’ అని పగడం ఆధారంగా అనేవాడి మాట నేనైతే తీసుకోను. ‘ఆ ఏడాది కన్నా ఈ ఏడాది ఇంత వెచ్చన’ అన్న మాటకు బలం చాలా ఎక్కువ. ఒకే బండలో పోల్చుకుంటున్నప్పుడు దాని సొంత గుణం రెండు వైపులా ఉండి, చాలావరకు కొట్టుకుపోతుంది.

ఈ శాస్త్రం ఎదురుదెబ్బ తిన్న చోటు ఒకటి చెప్పకపోతే వాదన ఏకపక్షమవుతుంది. కరీబియన్‌లోని బార్బడోస్ దగ్గర సముద్రం అడుగున మునిగి ఉన్న పాత పగడపు దిబ్బల్లో 1980ల చివర ఫెయిర్‌బ్యాంక్స్ బృందం డ్రిల్లు దింపింది. గత హిమయుగపు పతాకస్థాయిలో సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కింద ఉండేదని అక్కడి పగడాలే తేల్చాయి. 1994లో అవే పగడాల స్ట్రాన్షియం, ఆక్సిజన్ చూసి అప్పట్లో అక్కడి నీరు నేటికన్నా 5 డిగ్రీలు చల్లగా ఉండేదన్నారు. కానీ అంతకుముందు క్లైమాప్ అనే ప్రాజెక్టు సముద్రగర్భపు బురదలోని సూక్ష్మజీవుల గుల్లలు లెక్కపెట్టి, ఉష్ణమండల సముద్రాలు హిమయుగంలో రెండు డిగ్రీలకు మించి చల్లబడలేదని చెప్పి ఉంది. ఒక హేతువు ఒకటి చెబుతోంది, ఇంకో హేతువు దానికి విరుద్ధంగా చెబుతోంది. తార్కికులు దీనికి సత్ప్రతిపక్షం అని పేరుపెట్టి, ఇలాంటప్పుడు రెండు హేతువులూ నిర్ణయానికి పనికిరావని అన్నారు. అప్పుడేం చేయాలి? మూడో చోట వెతకాలి. వెతికితే ఒక విషయం బయటపడింది. సముద్రమట్టం 120 మీటర్లు దిగినప్పుడు తీరం వెంట తక్కువ లోతులో ఉన్న పగడపు సున్నమంతా బయటపడి వానకు కరిగింది, దానిలోని స్ట్రాన్షియం సముద్రంలో కలిసింది. అంటే పోలికకు కొలబద్దగా పెట్టుకున్న సముద్రపు నీరే అప్పుడు వేరు. మొదటి లెక్కలోకి రాని ఉపాధి అది. తర్వాత వేరే ఆధారాలతో వచ్చిన చాలా లెక్కలు పగడం చెప్పిన 5 డిగ్రీలంత చలిని చూపలేదు. క్లైమాప్ చెప్పినంత వెచ్చదనమూ నిలవలేదు. దీన్ని చూపించి పగడాలన్నీ బూటకమనేవాళ్లు ఒక సంగతి మరచిపోతారు. ఆ తప్పు పట్టుకున్నదీ అదే రకం పరీక్షే, ఆకాశవాణి చెప్పలేదు.

ఇంతవరకూ ఉపాధులను వెతకొచ్చని ఒప్పుకునేవాళ్లతో మాట్లాడాం. అనుమానాన్నే శంకించే చార్వాకుడి అభ్యంతరం ఇంకా లోతైనది. పొగకూ నిప్పుకూ విడదీయరాని సంబంధం ఉందని నువ్వు చూసిన వంటిళ్లలో తెలుసు. చూడని వంటిళ్లలో, చూడని కాలాల్లో ఉందని నీకెవరు చెప్పారు? చూసినదాని నుంచి చూడనిదానికి వెళ్లే వంతెన మీద నువ్వు నడుస్తున్నావు, ఆ వంతెన ఉందనడానికి మళ్లీ అదే వంతెనను సాక్ష్యం తెస్తున్నావు. జయరాశి భట్టు తత్త్వోపప్లవసింహంలో ఈ గొడ్డలితోనే ప్రమాణాలన్నీ నరికేశాడు. దాదాపు వెయ్యేళ్ల తర్వాత స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ వేసినదీ దాదాపు ఇదే ప్రశ్న. ఈ అభ్యంతరాన్ని పూర్తిగా కొట్టిపారేసే సమాధానం ఎవరూ ఇవ్వలేదని ఒప్పుకోవడమే నిజాయితీ. నైయాయికుడైన ఉదయనుడు ఇచ్చినది వేరే రకం సమాధానం: సందేహానికి కూడా ఒక హద్దుంది, నీ సందేహం నీ నడతకే ఎదురు తిరిగిన చోట అది ఆగిపోతుంది. ఆకలేస్తే అన్నం తినేవాడు, అన్నం ఈసారి ఆకలి తీర్చకపోవచ్చన్న సందేహాన్ని నోటితో అంటున్నాడు గానీ చేతితో అనడం లేదు. చార్వాకుల్లోనే పురందరుడు లోకవ్యవహారంలో చెల్లే అనుమానాన్ని ఒప్పుకున్నాడని, పరలోకం, ఆత్మ వంటి వాటికి దాన్ని చాపడాన్నే కాదన్నాడని తర్వాతి గ్రంథాలు చెబుతాయి. ఆ గీత నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. 1618లో సముద్రపు వేడి ఇంద్రియాలకు అందనిది కాదు. అప్పుడు అక్కడ నీళ్లలో చెయ్యి పెట్టిన ఏ మనిషికైనా తెలిసి ఉండేది. పగడం ద్వారా మనం వెళ్తున్నది అతీంద్రియ లోకానికి కాదు, ఇదే లోకంలో ఇంకో రోజుకు.

అయినా ప్రకృతి అప్పుడూ ఇప్పుడూ ఒకేలా నడిచిందని ముందే అనుకుంటున్నారు కదా అనొచ్చు. అన్నీ ఒకేలా ఉన్నాయని అనుకోనక్కరలేదని చూపే ఉదాహరణ కూడా పగడంలోనే ఉంది. 1963లో జాన్ వెల్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త డెవోనియన్ కాలం నాటి, అంటే దగ్గరదగ్గర 40 కోట్ల ఏళ్ల కిందటి పగడపు శిలాజాల మీద సన్నని గీతలు లెక్కపెట్టాడు. నేటి పగడాల్లో ఆ గీత రోజుకొకటి. శిలాజంలో ఒక ఏడాది పొరకు సుమారు నాలుగు వందల గీతలు వచ్చాయి. అప్పుడు ఏడాదికి నాలుగు వందల రోజులా? చంద్రుడి వల్ల పుట్టే ఆటుపోట్ల రాపిడికి భూమి తిరుగుడు నెమ్మదిస్తోందని, పూర్వం రోజు పొట్టిగా ఉండేదని ఖగోళ శాస్త్రజ్ఞులు వేరే దారిన లెక్కగట్టి ఉన్నారు. పగడం దాదాపు అదే అంకెకు వచ్చింది. రోజంత ‘మారనిది’ కూడా మారిందని పగడమే చూపింది. వెల్స్ చూసిన నమూనాలు కొద్ది, అరిగిన గీతలు లెక్కపెట్టడంలో కంటికి తోచినట్టు చూసే ప్రమాదం ఎక్కువ, ఆ విమర్శ న్యాయమైనదే. కానీ ఏకరూపత అన్నది కళ్లు మూసుకుని పెట్టుకున్న విశ్వాసం కాదని, దాన్నీ ముక్కలుగా విడదీసి పరీక్షించవచ్చని ఈ చిన్న లెక్క చెబుతుంది.

మతం వైపు నుంచి వచ్చిన అభ్యంతరాల్లో అన్నిటికన్నా తెలివైనది ఫిలిప్ గాస్‌ది. ఇంగ్లండులో సముద్రజీవుల గురించి అతనంత ప్రేమగా రాసినవాళ్లు అరుదు. సముద్రపు పువ్వుల మీద, పగడాల మీద పెద్ద గ్రంథమే రాశాడు. బైబిలును అక్షరాలా నమ్మిన భక్తుడు కూడా. 1857లో అచ్చయిన ఓంఫలోస్‌లో అతని వాదన ఇది: దేవుడు చెట్టును సృష్టించిన క్షణంలోనే అందులో వలయాలు ఉండి తీరాలి, అవి ఎప్పుడూ గడవని ఏళ్ల వలయాలు, ఆదాముకు తల్లి లేకపోయినా బొడ్డు ఉండి తీరాలి. ఈ లెక్కన పగడంలోని చారలు జరిగిన ఏళ్లవి కానక్కరలేదు, ఆ చారలతోనే అది సృష్టి అయి ఉండొచ్చు. 1921లో బర్ట్రండ్ రస్సెల్ దీన్నే కొస వరకూ లాగి, ప్రపంచం మన జ్ఞాపకాలతో సహా ఐదు నిమిషాల కిందటే పుట్టిందన్నా తార్కికంగా కాదనలేమని చూపించాడు. నిజమే, కాదనలేం. కానీ గాస్‌ను ఎదిరించినవాళ్లలో గట్టివాడు నాస్తికుడు కాదు, చార్లెస్ కింగ్స్‌లీ అనే పాదిరి. దేవుడు రాళ్ల నిండా ఇంత పెద్ద అనవసరమైన అబద్ధం రాసి పెట్టాడని తాను నమ్మలేనని అతను గాస్‌కు జాబు రాశాడు. కింగ్స్‌లీ మాట ఆస్తికులకు ఇప్పటికీ సరిపోతుందని నా ఉద్దేశం. సృష్టిలోని గుర్తులు మోసం చేసేవని ఒప్పుకుంటే, సృష్టిని చూసి సృష్టికర్తను ఊహించిన ఉదయనుడి గ్రంథం కుసుమాంజలి కూడా దాంతోపాటే కూలుతుంది. దేవుణ్ని నిలబెట్టడానికి అనుమానం కావాలి, సముద్రాన్ని తెలుసుకోవడానికి మాత్రం పనికిరాదు అనడం కుదరదు. పైగా గాస్ వాదానికి ఇంకో లోపం ఉంది. అది ఏ పగడంలో ఏ చార ఉన్నా సరిపోతుంది. రేపు తవ్వబోయే ముక్కలో ఏముంటుందో అది ముందే చెప్పలేదు.

అలా ముందే చెప్పి చిక్కులో పడే అవకాశం ఇచ్చుకోవడమే పగడపు లెక్కల గొప్పదనం. పసిఫిక్‌లోని ఎనివెటాక్ అనే దీవుల దగ్గర 1948 నుంచి 1958 దాకా అమెరికా అణుబాంబులు పేల్చింది. ఏ పేలుడు ఏ తేదీనో కాగితాల మీద ఉంది. 1972లో నట్సన్, బడిమేయర్, స్మిత్ అనే ముగ్గురు ఆ చుట్టుపక్కల పగడాలను కోసి చూస్తే రాతిలో రేడియోధార్మిక పొరలు కనిపించాయి. వాటి మధ్య ఎక్స్‌రే చారలు లెక్కపెడితే మధ్యలో గడిచిన ఏళ్లకు సరిపోయాయి. చారల జత ఒక ఏడాది అన్నది అక్కడ గట్టిపడింది. మనిషి చేసిన అతి హేయమైన పనుల్లో ఒకటి ఇలా ఒక కాలమానానికి సరిచూపుగా నిలవడం విచిత్రమే. మన లక్షద్వీపాల్లో కవరత్తి పగడాల మీద అహ్మదాబాదు ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ వాళ్లు 1990లలో చేసిన పని కూడా ఇలాంటిదే. నైరుతి రుతుపవనాలు వచ్చినప్పుడు అక్కడి సముద్రం చల్లబడుతుంది, ఆ చల్లదనం ఆక్సిజన్ నిష్పత్తిలో కనిపించింది. థర్మామీటరున్న ఏళ్లలో పగడం థర్మామీటరుతో ఏకీభవిస్తేనే థర్మామీటరు లేని ఏళ్లకు దాన్ని తీసుకెళ్తారు. అనుమానం ఎంత దూరం వెళ్లినా దాని మొదటి కాలు ప్రత్యక్షం మీదే ఉండాలని పూర్వులు అన్నది ఇందుకే.

ఇక్కడ ఒక గడుసు పాఠకుడు అడ్డుపడొచ్చు: ఇదంతా ప్రయోగశాలలో కూర్చున్నవాడికి అనుమానం, పేపరులో చదివే నాకు మాత్రం శబ్దమే కదా, చివరికి నేను వాళ్ల మాట నమ్మాల్సిందే కదా? సరైన అభ్యంతరమే. మనకు తెలిసినవాటిలో నూటికి తొంభై శబ్దం ద్వారానే తెలుసు. మన పుట్టినతేదీ కూడా అలాంటిదే. కానీ శబ్దంలో రెండు రకాలున్నాయి. ఒకటి ‘నేను చెబుతున్నాను కాబట్టి’ అనేది. ఇంకొకటి హేతువునూ ఉదాహరణనూ విప్పి ముందు పెట్టి, ఎక్కడ దోషం ఉందో నువ్వే పట్టుకో అనేది. రెండోదాన్ని తర్కంలో పరార్థానుమానం అన్నారు. తనకు తెలిసినదాన్ని ఎదుటివాడు తన బుద్ధితో మళ్లీ నడిచి చూసుకునేలా ఐదు అవయవాల వాక్యంగా పేర్చి చెప్పడం. పగడపు లెక్కలు ప్రచురించేవాళ్లు సాధారణంగా అంకెలు బయటపెడతారు. ఇంకో దేశంలో ఇంకొకరు అవే అంకెలు తీసుకుని వేరే ఫలితం తేలుతుందేమో చూస్తారు. మనందరం అలా చూడలేకపోవచ్చు. చూడాలనుకున్నవాడికి తలుపు తీసి ఉందా లేదా అన్నది మాత్రం మనం తేల్చుకోగలం.

ఈ శాస్త్రవేత్తలు మాట మారుస్తారన్న ఆరోపణ కూడా ఉంది. మధ్య పసిఫిక్‌లోని పామైరా, కిరిటిమాటి దీవుల ఒడ్డున తుపానులు విసిరేసిన పాత పగడపు బండలు పడి ఉంటాయి. యురేనియం, థోరియం నిష్పత్తితో వాటి వయసు కట్టి, ముక్కలను అతికి కిమ్ కాబ్ బృందం పాత ఎల్‌నినోల చరిత్ర రాసింది. ఏడు వేల ఏళ్లలో ఎల్‌నినో బలం తనంతట తానే చాలా హెచ్చుతగ్గులు పడిందని, 20వ శతాబ్దం ఎక్కువే అయినా అసాధారణమని గట్టిగా అనలేమని 2013లో చెప్పారు. 2020లో ఇంకా ఎక్కువ పగడాలు చేర్చి లెక్కిస్తే, గత కొన్ని దశాబ్దాల ఎల్‌నినో హెచ్చుతగ్గులు పారిశ్రామిక యుగానికి ముందుకన్నా సుమారు 25 శాతం ఎక్కువని తేలింది. ముందు ఒకటి అని తర్వాత ఇంకొకటి అన్నారని దీన్ని ఎగతాళి చేయొచ్చు. నాకైతే 2013 నాటి ఆ ‘అనలేం’ అన్న మాటే 2020 నాటి మాటకు విలువ తెచ్చిందనిపిస్తుంది. తనకు అనుకూలమైన ఫలితం అందుబాటులో ఉన్నా ఆధారం చాలదని ఆగినవాడు, ఆధారం చాలిందన్నప్పుడు వినాలి.

చివరగా, పగడాలను ఒప్పుకుంటూనే వాటిని అడ్డం తిప్పే వాదం ఒకటి ఈమధ్య బాగా వినిపిస్తోంది. వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది, పగడాలే చెబుతున్నాయి, ఇప్పుడు కొత్తగా కంగారెందుకని. మన వానలతో నేరుగా ముడిపడిన ఒక లెక్కతో దీన్ని చూద్దాం. హిందూ మహాసముద్రంలో పడమర వేడెక్కి తూర్పు చల్లబడే స్థితిని 1999లో గుర్తించి ఇండియన్ ఓషన్ డైపోల్ అన్నారు. 1997లో అంత బలమైన ఎల్‌నినో వచ్చినా మన దేశంలో వానలు తప్పకపోవడానికి అది ఒక కారణమని చెబుతారు. తెలుగునాట ధాతు కరువుగా మిగిలిపోయిన 1876–78 నాటి కరువు కాలంలోనూ, 1877లో, డైపోల్, ఎల్‌నినో రెండూ ఉగ్రంగా ఉన్నాయి. సుమత్రా దగ్గరి మెంతవై దీవుల పగడాలతో నెరిలీ ఆబ్రమ్ బృందం 2020లో 1240 నుంచి ఈ డైపోల్ చరిత్రను, మధ్యమధ్య ఖాళీలతో, పునర్నిర్మించింది. 1675లో వచ్చినది 1997 నాటిదానికన్నా బలమైనదని అందులో తేలింది. ‘చూశారా, పూర్వం ఇంకా పెద్దవి వచ్చాయి’ అనేవాళ్లు ఇక్కడితో పేజీ మూసేస్తారు. అదే పరిశోధనలో ఇంకో మాట ఉంది: ఆ రికార్డులో అంత తీవ్రమైనవి మొత్తం పది, వాటిలో నాలుగు 2020కి ముందరి అరవై ఏళ్లలోనే వచ్చాయి. కోడిని సగం కోసి వండుకుని, సగం గుడ్లకు ఉంచుకుంటానన్నవాణ్ని మనవాళ్లు అర్ధకుక్కుటీ న్యాయం అని వెక్కిరించారు. 1675ను చెప్పింది ఏ రికార్డో, ఆ నాలుగు ఎంత అసాధారణమో చెప్పిందీ అదే. ఒకటి ఒప్పుకుని ఇంకోటి కాదనడానికి కొత్త ఉపాధిని చూపించాలి. నాకు తెలిసి ఇంతవరకూ ఎవరూ చూపించలేదు.